మూడు దోసిళ్ల తవుడు

కొత్తగా వచ్చిన మనిషిని మా పులివెందుల వైపు "బువ్వ తిన్నావా" అనడం కంటే ముందు ఇంకో మాట అడుగుతారు: "మీరు యా పక్క?" అద్దెకు ఇల్లు చూడబోయినా, బడికి బదిలీ మీద వెళ్లినా, చీనీకాయలు బేరం చేస్తున్నా ఎక్కడో ఒకచోట ఆ ప్రశ్న తగులుతుంది. పక్క అంటే ఏ నాయకుడి పక్క అని. వేముల మండలంలోని బళ్లలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఆ ప్రశ్నకు నా జవాబు ఎప్పుడూ ఒకటే. "నేను నల్లబల్ల పక్కప్పా." నవ్వి వదిలేసేవాళ్లు.

మొన్నటి ఎన్నికల తర్వాత నవ్వడం మానేశారు.

నా నోరే నా కొంప తీసిందనేవాళ్లు చాలామంది ఉన్నారు గనుక జరిగింది జరిగినట్టు చెబుతాను. నన్ను ఒక పల్లెలో పోలింగు ఆఫీసరుగా వేశారు. పొద్దున పదింటికి ఒక ఏజెంటు ఒక ముసలామెను రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. "అవ్వకు కండ్లు కనపడవు మేడం, మీట నేను నొక్కుతా" అన్నాడు. నేను ఆమె ముఖం ముందు చెయ్యి చాపి, "అవ్వా, నా చేతికి వేళ్లెన్ని?" అన్నాను.

"ఐదు. ఒకదానికి ఉంగరముండాది, సన్నది" అంది ఆమె.

"అవ్వ కండ్లు నీకంటే బాగున్నాయి. పోయి కూచో" అన్నాను అతనితో.

"మేడం, మీ సంగతి మాకు తెల్దనుకోవద్దండి."

"ఏమప్పా, నాకు బొడ్డు కోసి పేరు పెట్టింది నువ్వేనా, నా సంగతంతా తెలిసుండేదానికి?"

వరసలో నిలబడ్డ జనమంతా నవ్వారు. మధ్యాహ్నం రెండో పక్క ఏజెంటు ఇంకో ముసలాయనను అట్లాగే నడిపించుకొచ్చాడు. అతనికీ అదే మర్యాద చేశాను. లెక్క సరిపోయిందనుకున్నాను.

సరిపోలేదు. ఫలితాలొచ్చాక ఓడినవాళ్లు నన్ను గెలిచినవాళ్ల మనిషన్నారు. గెలిచినవాళ్లు ఓడినవాళ్ల మనిషన్నారు. నన్ను కాదనడంలో మాత్రం రెండు పక్కలూ ఒకటయ్యాయి. బడి ముందు పెట్టిన నా స్కూటరు టైర్లలో వారానికొకసారి గాలి ఉండేది కాదు. ఫోను మోగేది, ఎత్తితే అవతల ఊపిరి తప్ప మాట ఉండేది కాదు. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది తరగతి గదిలో జరిగింది.

ఎనిమిదో తరగతికి సమీకరణాలు చెబుతున్నాను. సమానం గుర్తుకు రెండు పక్కలా ఒకే విలువ ఉండాలి అంటుంటే పిల్లలు ముసిముసిగా నవ్వుకున్నారు. అప్పుడు చూశాను. గది మధ్యలో నడిచే దారికి ఎడమవైపు కొన్ని ఇళ్ల పిల్లలు, కుడివైపు కొన్ని ఇళ్ల పిల్లలు. ఎవరూ అట్లా కూర్చోబెట్టలేదు. వాళ్లే సర్దుకున్నారు. చెమటకు తడిసిపోతున్న ఒక పిల్లను కుడివైపు ఫ్యాను కింద కూర్చోమన్నాను. "వద్దు మేడం, వాళ్లు ఆ పక్కోళ్లు" అంది. చెప్పుల్లేకుండా ఎండలో నడవకూడదు అన్నంత మామూలుగా అంది. పదమూడేళ్ల పిల్ల.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆయనతో, "మనం ఇక్కడ ఉండొద్దు. ఈ ఊరూ వద్దు, ఈ దేశమూ వద్దు" అన్నాను.

ఆయన అంటే నా భర్త. పులివెందులలో డ్రిప్పు పైపుల అంగడి నడుపుతాడు. ఇరవై మూడేళ్ల కాపురంలో నాతో వాదించి ఒక్కసారీ ఓడలేదు, ఎందుకంటే వాదించడు. "నీ ఇష్టం" అన్నాడు. కూరలో ఉప్పెక్కువైనా, ఇంటికి పచ్చరంగు వేద్దామన్నా, దేశం విడిచిపోదామన్నా ఒకటే మాట. నాకు ఒళ్లు మండింది. నేను ఇంత భయపడుతుంటే ఈ మనిషికి చీమ కుట్టినట్టయినా లేదే అనుకున్నాను. మాకు పిల్లల్లేరు. కదిలితే ఇద్దరమే కదలాలి, అందులో ఒకరు స్తంభం.

నేను ఎంచుకున్నది న్యూజిలాండు. అక్కడ లెక్కల టీచర్లు కావాలట. పైగా మనుషుల కంటే గొర్రెలెక్కువ గనుక పక్కలు కట్టేవాళ్లు తక్కువుంటారని నా అంచనా. వాళ్లు పౌరసత్వం ఇచ్చే సభ ఒకటి ఫోనులో చూశాను. చిన్న ఊరు, చిన్న హాలు. రకరకాల ఒంటిరంగుల మనుషులు, ఒకామె చంకలో బిడ్డతో, ఇంకొకామె పట్టుచీరలో, లేచి నిలబడి నాలుగు వాక్యాల ప్రమాణం చదివారు. చదవగానే ఆ ఊరి పెద్ద ఒక్కొక్కరి చేతిలో ఒక చిన్న మొక్క పెట్టింది, ఆ నేలలో మొలిచే చెట్టుది. అంతే, అయిపోయింది. పొద్దున పరాయివాళ్లు, మధ్యాహ్నానికి మనవాళ్లు.

నేను గరిటె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. పొయ్యి మీద పప్పు అడుగంటింది. నాలుగు వాక్యాలు చదివితే మనిషి ఒక నేలకు సొంతమవడం ఎట్లా? పుట్టి పెరిగిన చోట ఇన్నేళ్లు పలకలు తుడిచి నేను సంపాదించలేనిది వాళ్లకు అంత తేలిగ్గా ఎట్లా దొరికింది? ఆ ప్రమాణంలో వాళ్ల రాజుకు విధేయంగా ఉంటామని కూడా ఉంటుందని తెలిసింది. దొరలను ఓడెక్కించిన దేశంవాళ్లం మళ్లీ రాజుకు దండం పెట్టాలా అని దానిమీద ఒక పూటంతా వాదించాను. అవతలివైపు వాదన కూడా నేనే చేశాను, ఆయన ఇంటి నీళ్ల మోటారుకు మళ్లీ వాషరు మారుస్తున్నాడు గనుక.

కాగితాల పని చేసిపెట్టే ఆఫీసు ప్రొద్దుటూరులో ఉంది, బంగారంగళ్ల వీధిలో మేడ మీద. దాన్ని నడిపే మనిషికి ఇంచుమించు నా వయసే. గల్ఫుకు పోయే జనంతో మొదలుపెట్టి ఇప్పుడు అన్ని దేశాలకూ కాగితాలు కడుతున్నాడు.

"ఐదేండ్లు ఆడ ఉంటే పౌరసత్వానికి పెట్టుకోవచ్చు మేడం. అది వచ్చినాక మన పాస్‌పోర్టు తిరిగిచ్చేయాల" అన్నాడు.

"రెండూ ఉంచుకోకూడదా?"

"ఆ దేశం ఒప్పుకుంటాది. మన దేశం ఒప్పుకోదు. ఒకటే ఉండాల."

"అంటే అక్కడ కూడా యా పక్కో చెప్పాల్సిందే."

"యాడికి పోయినా ఆడికే వస్తాది మేడం" అని, నా ఫైలు తిరగేసి ఆగాడు. "పుట్టిన సర్టిఫికెట్ ఏదీ?"

"పదో తరగతి మార్కుల లిస్టుంది కదా."

"అందులో తేది హెడ్మాస్టరు రాసింది మేడం. మన పక్క ఎవర్ని చూసినా జూన్ ఒకటో తారీఖునే పుట్టుంటారు. ఆ హెడ్మాస్టర్లు రాసిన పుట్టుకలు ఆడ చెల్లవు. రిజిస్టరు కాగితం కావాల, అమ్మానాయన పేర్లతో. రెండు నెలలు టైముండాది. అది లేకుంటే ఫైలు మూసేస్తారు. మళ్లా తెరుస్తారో లేదో నేను చెప్పలేను."

అప్పుడు నాకు పట్టుకుంది అసలు దిగులు. నేను పుట్టింది జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున ఒక పల్లెలో. నాకు ఊహ తెలియకముందే మా నాయన మమ్మల్ని పులివెందులకు తెచ్చేశాడు. ఆ పల్లె ఇప్పుడు లేదు. రిజర్వాయరులో మునిగిపోయింది. పల్లె జనమంతా జమ్మలమడుగు అవతల కట్టిన కొత్త కాలనీకి చేరారు. మా నాయన పోయి పదేళ్లు, అమ్మ పోయి ఎనిమిదేళ్లు. నేను ఫలానా చోట పుట్టానని చెప్పడానికి చోటూ లేదు, మనిషీ లేదు.

జమ్మలమడుగు రెవెన్యూ ఆఫీసులో పాత రికార్డులుండే గదికి వెళ్లాను. అక్కడి గుమాస్తాకు రిటైర్మెంటు దగ్గరపడింది. మా పల్లె పేరు చెప్పగానే బీరువా కింది అరలోంచి గుడ్డలో కట్టిన పుస్తకం తీశాడు. మా ఊరి కరణం చేతిరాత. ఊదా సిరా. నేను పల్లె పోయిందని అనుకుంటుంటే పల్లె అంతా అక్కడుంది, పుట్టినవాళ్లు ఒకవైపు, పోయినవాళ్లు ఒకవైపు. ఒక్కో పేజీ తిరగేశాను. ఇంటి పక్కన ఇల్లు, వీధి తర్వాత వీధి, నీళ్ల కింద ఉన్నవన్నీ పొడిపొడిగా నా వేలి కిందికి వస్తున్నాయి. మా అమ్మకు నాకంటే ముందు పుట్టిన ఇద్దరూ దొరికారు. రెండు పుట్టుకలు. నాలుగు పేజీల లోపలే రెండు చావులు. అమ్మ ఇద్దరు పోయారని చెప్పేది గానీ, అంత దగ్గర దగ్గరగా అని చెప్పలేదు.

నేను మాత్రం లేను.

ఏ సంవత్సరమో తెలుసు, ఉగాది అయిన ఐదో రోజని అమ్మ చెప్పింది. ఆ వారంలో ఊళ్లో ఒకే ఒక్క ఆడపిల్ల పుట్టింది. తండ్రి పేరు గడి ఖాళీ. తల్లి పేరు గడిలో ఒక సాయిబుల ఆడమనిషి పేరుంది. పక్కన అంచులో, సన్నగా, ఒకే మాట: "తవుడుకు."

గుమాస్తా కళ్లద్దాలు పైకి తోసుకుని ఆ మాటను రెండుసార్లు చదివాడు. తర్వాత నన్ను చూశాడు.

"అమ్మా, నువ్వు అమ్ముడుపోయినావమ్మా" అన్నాడు.

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, ఆ బిడ్డ మాది కాదు అని ఇంకొకరికి అమ్మేస్తారు. ధర తవుడు. అమ్మకం మాటకే, బిడ్డ పెరిగేది కన్నతల్లి దగ్గరే. చావు వెతుక్కుంటూ వస్తే ఆ గడపలో దానికి కావలసిన బిడ్డ ఉండదు. పెద్దయ్యాక మళ్లీ తవుడు పోసి కొనుక్కుంటారు. ఈ ఆచారం నాకు తెలియనిది కాదు. తవిటమ్మలూ తవిటయ్యలూ నా క్లాసుల్లోనే ఉన్నారు. అమ్మ నన్ను ముద్దుకు "తవుడుపిల్లా" అనేది. బియ్యం ఏరి పారేసిన పొట్టులాంటిదాన్ననే అంటోందనుకుని చిన్నప్పుడు ఎన్నిసార్లు పోట్లాడానో. ఆచారం అందరిదీ, నాది కాదనుకున్నాను.

"ఇట్లాంటియి శానా చూసినా గానీ, నోటితో చెప్పుకుంటారు, రిజిస్టర్లో ఎవురూ రాయించరు" అన్నాడు గుమాస్తా. "ఇంత గట్టిగా అమ్మినోళ్లను నేను ఇదే చూడటం. కొన్నామె బతికుంటే, ఈ బిడ్డ నా బిడ్డ కాదని స్టాంపు కాగితం మీద వేలిముద్ర ఏపించుకొని రా. మార్చి ఇస్తాం."

అదే కాగితం రాయించుకుని కొత్త కాలనీకి వెళ్లాను. దారిలో ఆటో మిట్ట ఎక్కినప్పుడు రిజర్వాయరు కనబడింది. ఆపమన్నాను. మా పల్లె ఎక్కడుండేదో వేలుపెట్టి చూపించలేకపోయాను. గట్టు నుంచి గట్టు దాకా ఒకే నీలం, ఎండకు మెరుస్తూ, ఒక్క ముడత లేకుండా. దాని అడుగున మా ఇంటి గడప. ఆ గడప దగ్గరే కదా నన్ను అమ్మింది. అంత నీటిని నేను అంతకుముందు ఏడుపుతో చూశాను, కోపంతో చూశాను. ఆ రోజు మాత్రం ఊరికే చూశాను, చేతులు కట్టుకుని, దేవుడి ముందు నిలబడినట్టు.

కాలనీలో రిజిస్టరులోని పేరు చెబితే "మంత్రసాని అవ్వ ఇల్లా" అంటూ అందరూ చూపించారు. ఇంటి ముందు రేకుల పందిరి కింద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. నేను ఎవరో చెప్పుకునే లోపలే దగ్గరికి రమ్మని, నా కుడిచెవి పట్టుకుని పైఅంచు తడిమింది. అక్కడ గోరంత గంటు ఉంటుంది. చిన్నప్పుడు ఏదో గీరుకుందని అమ్మ చెప్పింది.

"తవుడూ, వచ్చినావా" అంది.

"ఈ గంటు నువ్వు పెట్టిందా అవ్వా?"

"కొన్న గొర్రెకు చెవి గంటు పెట్టమా? నీ బొడ్డు కోసిన కత్తితోనే పెట్టినా. నువ్వు ఊరంతా యినపడేట్టు అరిచినావు. అప్పుడే అనుకున్నా, ఇది బతుకుతాది, నోరుండాది అని."

బొడ్డు కోసి పేరు పెట్టింది నువ్వేనా అని నేను ఎంతమందిని దులిపానో ఈ జిల్లాలో. నిజంగా ఆ పని చేసిన మనిషి ఎదురుగా చింతగింజలతో కూర్చునుంది.

రిజిస్టరు సంగతి చెప్పాను. ఎందుకు రాయించారు అని అడిగాను.

"మీ అమ్మ పంతం" అంది అవ్వ. "ముందు ఇద్దరు పోయినారు గదా. ఉత్తమాటకు అమ్మితే సావు నమ్మదనింది. రాసిందైతే నమ్ముతాదంట. కరణం వచ్చి నిలబడినాడు. ఎవరి బిడ్డ అన్నాడు. మీ అమ్మ గడపలో కూచోనుండాది, పాలు చేపి రైకంతా తడిసిపోయింది. అయినా 'నాది కాదు' అనింది. నేను మూడు దోసిళ్లు కొర్రతవుడు నిన్ను పండబెట్టిన చాట పక్కన పోసి, 'నాది' అన్నా. కరణం నా మొగం చూసినాడు. నా మొగుడు సచ్చిపోయి రెండేండ్లని ఆయనకు తెలుసు గదా. తండ్రి పేరు అడగల్యా. తలొంచుకొని రాసుకున్నాడు."

నేను ఆ ఖాళీ గడిని అప్పుడు మళ్లీ చూశాను, మనసులో. మొగుడు పోయిన రెండేళ్లకు ఒక ఆడమనిషి పేరు మీద సర్కారు పుస్తకంలో బిడ్డ.

"మీవాళ్లు ఊరుకున్నారా అవ్వా?"

"ఎందుకూరుకుంటారు? పెద్దమనుషులు పిలిపించి అడిగినారు. ఏందిమే ఇది అన్నారు."

"ఏం చెప్పినావు?"

"నా బిడ్డే అన్నా."

"జరిగింది చెప్పొచ్చు కదా. ఊరందరికీ తెలిసిందే కదా."

"ఒక్కసారన్నా కాదంటే సావు యింటాది గదమ్మా" అంది, ఏమీ తెలియనిదానికి చెబుతున్నట్టు. "కొన్నాళ్లు పెండ్లిండ్లకు పిలవల్యా నన్ను. తరవాత వాళ్ల కాన్పులొచ్చినాయి. వాళ్లే వచ్చి పిల్చుకొని పోయినారు."

గింజ తీసి గింజ పక్కన వేస్తూ చెప్పింది. గొప్ప చెప్పుకోలేదు, బాధా పడలేదు. ఏటా రంజానుకు మా అమ్మ ఒక కొత్తచీర సంచిలో పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కేది. పాత స్నేహితురాలు అనేది. "నాకు పండక్కి కూడా అంత మంచి చీర తేవు" అని దెప్పేదాన్ని.

కాగితం తీసి చదివి వినిపించాను. "ఈ బిడ్డ నా బిడ్డ కాదని ఇందుమూలముగా" అనే దగ్గర అవ్వ చెయ్యి ఆగింది.

"ఏలిముద్ర ఏయను" అంది.

వాదించాను. నేను వాదిస్తే ఎట్లా ఉంటుందో చెప్పనక్కర లేదు. నలభై ఆరేళ్లొచ్చాయి, ఇంకా గండమేంది అన్నాను. ఇది మూఢనమ్మకం అన్నాను.

"ఔ. నువ్వు బతికినావు గదా" అంది.

"దానివల్ల బతకలేదు అవ్వా."

"కాదని యా లెక్కలో చేసి చూపిస్తావు? లెక్కల అయివోరమ్మవంట గదా."

మనసులో లెక్క వేసి చూశాను. ఇద్దరు పోయారు, నేను మిగిలాను. మధ్యలో జరిగింది ఇదొక్కటే. కాదని చూపించాలంటే నన్ను ఇంకోసారి పుట్టించి, అమ్మకుండా పెంచి చూడాలి.

"సరే, ఆచారం ప్రకారమే చేద్దాం. తవుడు నేను తెస్తా. నన్ను నేనే కొనుక్కుంటా" అన్నాను.

అవ్వ నవ్వింది, పళ్లు లేని నోటితో, చాలాసేపు. "గొర్రె తనను తాను కొనుక్కుంటాదామ్మా యాడన్నా? కొనేవోళ్లు రావాల. నీ పెండ్లికి ముందర మీ అమ్మ తవుడు మూటకట్టుకొనే వచ్చింది. గుమ్మంలో నిలబడి నిలబడి, 'ఉండనీ, నీకాడనే ఉండనీ, నాకు భయమైతాంది' అని ఆ మూట మళ్లా ఎత్తుకొని పోయింది. ఇప్పుడు నీ మొగుడుండాడు గదా. రమ్మను. అడగమను."

ఇంటికొచ్చి ఆయనతో చెప్పాను. నవ్వుతాడేమో, పోట్లాడొచ్చు అనుకున్నాను. నవ్వలేదు. "కొర్రతవుడేనా, వరితవుడు పనికిరాదా?" అని అడిగాడు. కొర్రతవుడే అన్నాను. నాలుగు రోజులు వేముల చుట్టుపక్కల మిల్లులన్నీ తిరిగి ఒక సంచి సంపాదించాడు. ఆదివారం పొద్దున బస్సులో ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని, కిందపెట్టమన్నా పెట్టకుండా, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు దాకా అట్లాగే కూర్చున్నాడు.

అవ్వ ఆయనను ఎగాదిగా చూసింది. "ఏం నాయనా, ఏం కావాల?"

"నా పెండ్లాన్ని నాకియ్యి అవ్వా" అన్నాడు. ఆయన అంత గట్టిగా ఏదైనా అడగడం నేను అదే వినడం.

"ఇస్తే యాడికి తీసకపోతావు?"

"శానా దూరం. సముద్రం అవతల."

"ఎందుకు? ఈడ కూడు లేదా?"

"కూడుండాది అవ్వా."

"మరేంది?"

ఆయన సంచి మూతి ముడి విప్పాడు, మళ్లీ కట్టాడు. తర్వాత అవ్వకే చెప్పాడు, నావైపు చూడకుండా. "ఈమె బడి నుంచి వచ్చేదాకా నేను అంగట్లో ఉండలేకుండా ఉన్నా. నాలుగున్నరకే మూసేసి గేటుకాడ నిలబడతా. స్కూటరు సప్పుడు మలుపులో యినపడితే లోపలికి పోయి ఏదో ఒకటి విప్పుకొని కూచుంటా. ఎన్నికలు అయినప్పటి నుంచి ఇదే పని."

ఆ మోటారు. వారానికి రెండుసార్లు వాషరు పోయే ఆ మోటారు. నాణ్యత లేని సరుకు అమ్ముతావా అని నేను దెప్పిన మోటారు. పదిమంది పక్కలు లెక్కపెట్టిన నేను, గేటు పక్కన రోజూ నిలబడ్డ మనిషిని చూడలేదు. ఆ రేకుల పందిరి కింద నాకు రెండు కళ్లూ చాలలేదు, ఒకటి అవ్వను చూడటానికి, ఒకటి ఈయనను చూడటానికి.

అవ్వ చాట తెప్పించి ముందు పెట్టుకుంది. "పొయ్యి" అంది. ఆయన ఒక దోసిలి పోశాడు. రెండో దోసిలి పోశాడు. మూడోది ఎత్తబోతే అవ్వ ఆయన మణికట్టు పట్టుకుంది.

"చాలు. మూడింటికి కొన్నా, రెండింటికే ఇస్తాండా. రెండు పాళ్లు మీయి. ఒక పాలు నాది, ఈడ్నే ఉంటాది. ఆ దేశమోళ్లు అడిగితే అట్లే చెప్పండి."

రెండు పాస్‌పోర్టులు ఉంచుకోకూడదని ప్రొద్దుటూరులో ఆ మనిషి చెప్పిన దగ్గర్నుంచి నాలో ఏదో బిగుసుకుపోయి ఉంది. అది అక్కడ వదులైంది. ఇన్ని చట్టాలూ ఇన్ని ఆఫీసులూ చేయలేనిది ఒక ముసలామె ఒక మణికట్టు పట్టుకుని చేసేసింది.

కాగితం తీశాను. మళ్లీ చదవమంది. "నా బిడ్డ కాదని" అనే చోట వేలు పెట్టించుకుంది, చదువు రాకపోయినా సరిగ్గా ఆ మాట మీదనే. "ఇది కొట్టెయ్యి. నాకు పుట్టల్యా అని రాయి. అది నిజమే. నాది కాదని రాయొద్దు."

అప్పటికప్పుడు జమ్మలమడుగుకు పోయి, ఆదివారమైనా స్టాంపులమ్మే ఆయనను బతిమాలి, కొత్త స్టాంపు కాగితం మీద రాయించుకొచ్చాం: ఈమె నాకు పుట్టలేదు, ఫలానా దంపతులకు పుట్టగా నేను తవుడుకు కొంటిని. అవ్వ వేలిముద్ర వేసి, వేలికంటిన సిరాను నా చెవి గంటుకు తుడిచింది.

సర్టిఫికెట్ వచ్చింది, అమ్మానాయన పేర్లతో. గడువుకు పన్నెండు రోజుల ముందే కాగితాలన్నీ పంపాం. 'కొంటిని' అన్న మాటకు 'దత్తత' అని ఇంగ్లీషులో పెడదామన్నాడు ప్రొద్దుటూరు మనిషి. ఆ ఒక్క మాట మీద గంటసేపు పోట్లాడి 'కొంటిని' అనే పెట్టించాను. జవాబు ఇంకా రాలేదు.

ఆ ఆదివారం తిరుగు బస్సులో ఆయన ఒళ్లో మిగిలిన తవుడు సంచి ఉంది. ముద్దనూరు దగ్గర బస్సు ఆగినప్పుడు అడిగాడు. "ఒక పాలు ఈడ పెట్టిపోవచ్చని అవ్వ చెప్పింది గదా. అట్లయితే పోదామా? వద్దా?"

నాకు రెండు వైపులా వాదనలున్నాయి. ఎప్పుడూ ఉంటాయి. అయినా ఆయన చేతులకంటిన తవుడు చూస్తూ, "నీ ఇష్టం" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి నావైపు తిరిగాడు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు. చలి దేశంలో డ్రిప్పు పైపులు పగులుతాయేమో దగ్గర మొదలుపెట్టి, ఫ్యాను కిందికి మారనన్న ఆ పిల్లకు పదో తరగతిదాకా లెక్కలు ఎవరు చెబుతారు అన్నదాకా. పులివెందుల బస్టాండు వచ్చినా ఆపలేదు.